పాట పాడని నెల

ఐసు నీళ్ళలో ఎనిమిది గంటలు నానితే
వేలికి తన ఊరూ పేరూ గుర్తుండవు.
భీమవరం షోరూములో
ఈఎంఐ మిషను మీద బొటనవేలు పెట్టాను.
ఎర్ర లైటు.
తుడిచి పెట్టాను. ఊది పెట్టాను. చున్నీకి రుద్ది పెట్టాను.
ఎర్ర లైటు.
"రొయ్యల కంపెనీయాండి?" అన్నాడు కుర్రాడు,
జబ్బు పేరు చెప్పే డాక్టరులా, మెల్లిగా.

పోనీ అని ఫారం ఇచ్చాడు.
భర్త పేరు, భర్త సంతకం, భర్త ఫోను నంబరు.
"ఖాళీ వదిలితే సిస్టం తీసుకోదండి."
మా స్టాటిస్టిక్స్ రెండో సెమిస్టరులో
దీనికో పాఠం ఉంది:
దొరకని విలువని ఏం చేయాలి?
సగటు వేసి పూడ్చొచ్చు,
పక్క గడులు చూసి ఊహించొచ్చు,
లేదా ఆ వరసే కొట్టేసి
మిగిలిన లెక్క నడిపించుకోవచ్చు.
మూడోది నేను నాలుగేళ్ళ కిందటే చేశాను.
ఫారం తిరిగి ఇచ్చేశాను.

నా ప్రాజెక్టు రొయ్య కౌంటు మీదే.
ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై,
వందంటే చిటికెన వేలంత.
ఏ వారం ఏ కౌంటుకి ఎంత ధర, ఎందుకంత:
పన్నెండు కాలమ్‌ల పట్టిక.
పగిలిన ఫోనులో మూడే కనబడతాయి.
నాలుగోది చూడాలంటే మొదటిది మర్చిపోవాలి.
లైబ్రరీ కంప్యూటర్లు ఐదింటికి మూస్తారు.
ఆరున్నరకి షిఫ్టు.
నడిమి గంటన్నర ఆకివీడు బస్సుది.
గైడు గారు మంచివారే.
"ల్యాప్‌టాప్ లేకుండా ఎలాగమ్మా" అంటారు,
వానలో ఎదురొచ్చి
గొడుగు తెచ్చుకోలేదా అన్నట్టు.

మా కెజియా
థర్మాకోలు పెట్టె మూత రెండుగా విరిచి
తెర ఒకటి, కీలు ఒకటి చేసింది.
ఏ బీ సీ డీలు వరసగా గీసింది,
నిజం దాంట్లో వరస ఉండదని ఎవరూ చెప్పలేదు.
"దీనికి ఛార్జింగు పెట్టక్కర్లేదమ్మా."
నీచు వాసన మాత్రం వేస్తూనే ఉంది.

ఒలిచే బల్ల దగ్గర మాకో చీటీ.
ఇరవై మందిమి, మనిషికి వెయ్యి.
ఒకటో తారీఖు, టీ టైములో పాట.
ఎవరెక్కువ వదులుకుంటే వాళ్ళది.
పోయిన నెల మూడు వేల దాకా పాడారు,
అరుపులకి సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.
ఈ నెల వీరవేణికి రేకులు మార్చాలి.
మాణిక్యం మరిదికి ఆపరేషను.
నాకు తెలుసు. బల్ల మీద అందరివీ అందరికీ తెలుసు.

నేను వంద అన్నాను. గొంతు సగమే వచ్చింది.

వీరవేణి ఐసుముక్క నోట్లో వేసుకుని
పటపటా నమిలింది.
మాణిక్యం గ్లవుజు విప్పి, మళ్ళీ తొడుక్కుంది.
బల్ల కింద ఎవరో ఎవరి కాలో తొక్కారు.
పల్లాలమ్మ అందరి మొహాలూ ఓసారి చూసి
"ఒకటోసారి" అంది. "రెండోసారి" అంది.
కన్వేయరు తిరుగుతున్న చప్పుడు.
"మూడోసారి. పోవే, లెక్కలు చేసుకో."

ఎందుకని నేను అడగలేదు.
వాళ్ళూ ఏం చెప్పలేదు,
టీ చల్లారిపోయిందని కాంటీనువాణ్ణి తిట్టారు.

సెకండ్ హ్యాండుది, పదిహేడున్నర వేలు.
ఈ అక్షరం అరిగిపోయి బోసిగా ఉంది.
మూలన ఎవరిదో స్టిక్కరు చింపిన జిగురు.
ఇంటికొచ్చి తెరిచి వేలు పెట్టాను.
బాణం కదల్లేదు.
నా వేళ్ళని ఇదీ గుర్తుపట్టదు.
కెజియా కాసేపు చూసి, పక్కనుంచి చెయ్యి పెట్టింది.
కదిలింది.
"ఎటెళ్ళాలో చెప్పు" అంది.

మర్నాడు మూడొందలు పెట్టి మౌసు కొన్నాను.

పన్నెండు కాలమ్‌లూ ఒక్కసారే కనబడ్డాయి.
చెరువు రేటు, కొనేవాడి రేటు, ఓడ రేటు,
మేత, కరెంటు, ఐసు.
కిలో ఒలిస్తే చేతికెంతో
ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ
మూడేసి చూడబట్టి తెలియలేదు.
చివర పదమూడోది చేర్చాను.
దానికి పేరింకా పెట్టలేదు.
గైడు గారు తీసెయ్యమంటారేమో.
బయట వేను హారను కొడుతోంది.